ఎదుటి మనసుకు దారి: మాట, కథ

1944లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న బొమ్మల చిత్రం తీశారు. అందులో ఒక పెద్ద త్రికోణం, ఒక చిన్న త్రికోణం, ఒక గుండ్రటి బిళ్ల, తలుపున్న ఒక దీర్ఘచతురస్రం ఉన్నాయి. త్రికోణాలూ బిళ్లా తెర మీద అటూ ఇటూ కదులుతాయి, అంతకుమించి ఏమీ జరగదు. చూసిందేమిటో రాయమని అడిగితే మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరే దాన్ని కేవలం ఆకారాల కదలికగా వర్ణించారు. మిగతావారికి అవి ప్రాణమున్న వాళ్లుగానే కనిపించాయి. పెద్ద త్రికోణం దౌర్జన్యపరుడు, చిన్నది ధైర్యవంతుడు, బిళ్ల బెదిరిపోయిన అమాయకురాలు. కోపం, భయం, కుట్ర అన్నీ ఆ గీతల్లో చదివేశారు.

మనిషి కదిలేదేది చూసినా దాని వెనక ఒక మనసును వెతుకుతాడు. ఆ వెతుకులాట సరైన చోటికి చేరడం మాత్రం అంత సులువు కాదు. ఎదుటివాడికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఏం కావాలి, దేన్ని నిజమని నమ్ముతున్నాడు అన్నవి కంటికి ఆనవు, చేతికి అందవు. వాటిని ఊహించి అతని నడతను అర్థం చేసుకునే శక్తిని శాస్త్రజ్ఞులు ‘థియరీ ఆఫ్ మైండ్’ అంటారు. ఈ శక్తి బిడ్డలో ఎలా మొలకెత్తుతుంది, దాన్ని పెంచడంలో భాషకు, కథకు ఎంత వాటా ఉంది అన్న విషయం మీద నాలుగున్నర దశాబ్దాలుగా జరిగిన పరిశోధన మనస్తత్వ శాస్త్రంలోని అందమైన అధ్యాయాల్లో ఒకటి.

చాక్లెట్ ఎక్కడ వెతుకుతాడు?

ఆ పేరు పుట్టింది ఒక చింపాంజీ పుణ్యాన. 1978లో డేవిడ్ ప్రెమాక్, గై వుడ్రఫ్ అనే పరిశోధకులు సారా అనే చింపాంజీకి కొన్ని వీడియోలు చూపించారు. వాటిలో ఒక మనిషి అందని అరటిపళ్ల కోసం అవస్థ పడుతుంటాడు. తర్వాత కొన్ని ఫోటోలు ముందు పెడితే సారా అతని ఇబ్బందికి పరిష్కారం చూపే ఫోటోను ఎక్కువసార్లు సరిగ్గా ఎంచుకుంది. ఆ మనిషి ఏం కోరుతున్నాడో దానికి తెలిసిందా, లేక అరటిపళ్లు అందుకునే ఉపాయం మాత్రమే తెలిసిందా? ఈ సందేహాన్ని తీర్చాలంటే కోరిక గురించిన పరీక్ష చాలదని, పొరపాటు నమ్మకం గురించిన పరీక్ష కావాలని డేనియల్ డెనెట్ వంటి తత్వవేత్తలు సూచించారు. ఎదుటివాడు నిజాన్ని నమ్ముతున్నప్పుడు అతని మనసు తెలియకపోయినా లోకాన్ని చూసి జవాబు చెప్పెయ్యవచ్చు. అతను అబద్ధాన్ని నమ్ముతున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ సూచనను 1983లో హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ ఒక చిన్న కథగా మలిచారు. మాక్సీ అనే కుర్రాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి వెళతాడు. అతను లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సీ చాక్లెట్ కోసం ఎక్కడ చూస్తాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న అల్మారానే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియదన్న ఊహ వాళ్లకు ఇంకా అందదు. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామంది మొదటి అల్మారాను చూపిస్తారు. 2001లో హెన్రీ వెల్‌మన్ బృందం ఇలాంటి 178 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ మలుపు చాలా దేశాల్లో కనిపించింది. 2005లో కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలను ఒకే పద్ధతిలో పరీక్షించిన టారా కాలహన్ బృందం కూడా మూడేళ్లకూ అయిదేళ్లకూ మధ్యనే ఈ మార్పు వస్తోందని చెప్పింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మనసును కొలవడానికి శాస్త్రజ్ఞులకు దొరికిన కొలబద్ద ఒక కథే. మాక్సీ ఉన్నాడు, తల్లి ఉంది, ఒక వస్తువు చోటు మారింది, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియలేదు. విరాట పర్వంలో నర్తనశాల ఘట్టానికీ పునాది ఇదే. చీకట్లో తనకోసం సైరంధ్రి ఎదురుచూస్తోందని కీచకుడు నమ్ముతాడు, అక్కడున్నది భీముడని వినేవాళ్లకు తెలుసు. హరికథలోనో తోలుబొమ్మలాటలోనో ఆ ఘట్టం చూస్తూ ఊపిరి బిగబట్టే పిల్లవాడు మాక్సీ పరీక్ష కంటే ఎంతో కఠినమైన పరీక్ష రాస్తున్నట్టే.

1985లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ఈ కథనే శాలీ, ఆన్ అనే రెండు బొమ్మలతో ఆటిజం ఉన్న పిల్లలకు చెప్పారు. 20 మందిలో 16 మంది తప్పు జవాబిచ్చారు. ఆటిజం గురించిన ఆలోచనను ఈ ఫలితం చాలాకాలం శాసించింది, కొంత అన్యాయం కూడా చేసింది. ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు అర్థం కాదన్న మాట స్థిరపడిపోయింది. తానూ ఆటిజం ఉన్న వ్యక్తే అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దీన్ని సవాలు చేశారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉందని, మామూలు వారు ఆటిజం ఉన్నవారి మనసును చదవడంలో అంతే విఫలమవుతున్నారని ఆయన వాదన. ఆ వాదనను ఇప్పుడు పరిశోధకులు తీవ్రంగానే తీసుకుంటున్నారు.

మాట అందని పిల్లలు

పొరపాటు నమ్మకాన్ని అర్థం చేసుకోవడానికి భాష అవసరమా, లేక మెదడు ఎదిగితే చాలునా? ఈ ప్రశ్నకు బలమైన సాక్ష్యం చెవిటి పిల్లల నుంచి వచ్చింది. 1995లో ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ 8 నుంచి 13 ఏళ్ల చెవిటి పిల్లలకు ఇలాంటి పరీక్ష పెడితే ఎక్కువమంది తప్పారు. వాళ్ల తెలివికి ఏ లోటూ లేదు. చాలామంది వినగలిగిన తల్లిదండ్రులకు పుట్టినవాళ్లు. ఇంట్లో ఎవరికీ సంజ్ఞా భాష పూర్తిగా రాదు. అన్నం, నీళ్లు, బడి గురించి సైగలు చేసుకోగలరు కానీ ‘నువ్వు అలిగావని అక్క అనుకుంటోంది’ వంటి మాట ఆ ఇంట్లో వాళ్ల దాకా చేరదు. 2007లో అమెరికాలో 176 మంది చెవిటి పిల్లల మీద జరిగిన అధ్యయనం ఈ చిత్రాన్ని పూర్తి చేసింది. సంజ్ఞా భాష మాట్లాడే చెవిటి తల్లిదండ్రుల బిడ్డలు వినగలిగిన పిల్లలతో సమానంగా ఉన్నారు. వెనకబడింది చెవుల వల్ల కాదు, సంభాషణ కరువు వల్ల.

నికరాగువా కథ ఇంతకంటే ఆశ్చర్యకరం. అక్కడ 1970ల దాకా చెవిటివాళ్లు ఎవరింట్లో వాళ్లు విడివిడిగా, ఇంటి సైగలతో బతికారు. 1977లో మనాగువాలో ప్రత్యేక విద్యా పాఠశాల మొదలైంది, 1979 విప్లవం తర్వాత అలాంటి బడి వందల మందికి అందింది. టీచర్లు స్పానిష్ పెదవి కదలికలు నేర్పాలని చూశారు, అది పెద్దగా ఫలించలేదు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బడి బస్సులో తమ సైగలను కలుపుకుంటూ ఒక కొత్త భాషను కట్టుకున్నారు. తర్వాత చేరిన పిల్లలు దాన్ని ఇంకా పదును పెట్టారు. ప్రపంచంలో ఒక భాష పుట్టడం భాషా శాస్త్రజ్ఞులు కళ్లారా చూసిన అరుదైన సందర్భం ఇది.

జెన్నీ పైయర్స్, ఆన్ సెంగాస్ ఈ భాష మాట్లాడే రెండు తరాలను పోల్చారు. తొలి తరం వాళ్లు అప్పటికి ఇరవైల్లో ఉన్న పెద్దవాళ్లు, లోకం చూసినవాళ్లు. వాళ్ల సైగల్లో కోరుకోవడానికి మాటలున్నాయి కానీ ‘అనుకోవడం’, ‘తెలియడం’ వంటి వాటికి మాటలు దాదాపు కనిపించలేదు. మాటలు పెద్దగా అవసరం లేని బొమ్మల కథతో పొరపాటు నమ్మకం పరీక్ష పెడితే వాళ్లలో ఎక్కువమంది తప్పారు. వాళ్లకంటే ఎంతో చిన్నవాళ్లయిన రెండో తరం తేలిగ్గా గట్టెక్కింది. రెండేళ్ల తర్వాత మళ్లీ చూస్తే తొలి తరం వాళ్లు చిన్నవాళ్ల సాంగత్యంలో మనసుకు సంబంధించిన సైగలు నేర్చుకున్నారు, పరీక్షలోనూ మెరుగయ్యారు. 2009లో వెలువడిన ఈ ఫలితంలో మనసును కదిలించే విషయం ఏమిటంటే, ఇరవై ఏళ్లు దాటినా ఆ దారి మూసుకుపోలేదు. తలుపు తీసింది తమకంటే చిన్నవాళ్ల భాష.

మెదడు చిత్రాలూ ఇదే వైపు చూపుతున్నాయి. 2003లో రెబెకా సాక్స్, నాన్సీ కాన్విషర్ కుడి చెవి పైభాగానికి కొంచెం వెనక, మెదడులో ఒక చిన్న ప్రాంతాన్ని గుర్తించారు. ఎవరి నమ్మకం గురించిన కథనైనా చదివినప్పుడు అది చురుగ్గా పనిచేస్తుంది. పుట్టుగుడ్డివారిలోనూ అదే ప్రాంతం అలాగే పనిచేస్తుందని 2009లో తేలింది. అంటే ఒక్క ముఖ కవళికనైనా చూడకపోయినా, వాళ్లకు చేరిన మాటల వల్ల ఆ శక్తికి కొరత రాలేదు. సంజ్ఞా భాష ఆలస్యంగా అందిన చెవిటి పిల్లల్లో మాత్రం ఆ ప్రాంతం మనసుల కథలకూ మిగతా కథలకూ మధ్య తేడాను అంత పదునుగా పట్టుకోవడం లేదని 2020లో హిలరీ రిచర్డ్‌సన్ బృందం చూపింది.

వాక్యంలో వాక్యం

భాషలో ఏ భాగం ఈ పని చేస్తుంది? అమెరికా పరిశోధకురాలు జిల్ డివిలియర్స్ సమాధానం: వ్యాకరణం. ‘బొమ్మ పెట్టెలో ఉందని సీత అనుకుంటోంది’ అన్న వాక్యం తీసుకుందాం. బొమ్మ నిజానికి మంచం కింద ఉంది. లోపలి వాక్యం అబద్ధం, మొత్తం వాక్యం మాత్రం నిజం. ఒక అబద్ధాన్ని ఇంకొకరి తలలో పెట్టి దాని గురించి నిజం చెప్పగలగడం ఈ అమరికతోనే సాధ్యమైంది. తెలుగు పిల్లలు దీన్ని ‘అని’తో అలవోకగా నేర్చుకుంటారు.

2003లో జర్మనీలో హైడెమారీ లోమన్, మైకేల్ టొమసెల్లో మూడేళ్ల పిల్లలకు చిన్న శిక్షణ ఇచ్చారు. చూడ్డానికి ఒకటిగా ఉండి నిజానికి ఇంకొకటయిన వస్తువులను కొందరికి మాటల్లేకుండా చూపించారు. వాళ్లు మెరుగుపడలేదు. ఆ వస్తువుల గురించి సంభాషించినా, వాక్యంలో వాక్యం ఉన్న మాటలు వినిపించినా పిల్లలు ముందుకొచ్చారు. రెండూ కలిపి అందినవాళ్లు అందరికంటే ఎక్కువ లాభపడ్డారు. 2007లో కరెన్ మిల్లిగన్, జానెట్ ఆస్టింగ్టన్, లీసా డాక్ 104 పరిశోధనల్లోని దాదాపు 9,000 మంది పిల్లల ఫలితాలను కలిపి చూసినప్పుడు భాషకూ ఈ అవగాహనకూ గట్టి ముడి ఉందని, ముందున్న భాషా శక్తి తర్వాతి అవగాహనను ఊహించి చెప్పగలుగుతోందని తేలింది.

వ్యాకరణం ఒక్కటే సర్వస్వం కాదు. ఇంట్లో దొర్లే మాటలకు అంతే విలువ ఉంది. జూడీ డన్ బృందం 33 నెలల వయసు పిల్లలున్న 50 కుటుంబాల్లో ఇంటి మాటలను రికార్డు చేసింది. ఎవరికి ఎందుకు కోపం వచ్చింది, ఎవరెందుకు ఏడ్చారు అని మాట్లాడుకునే ఇళ్లలోని పిల్లలు ఏడు నెలల తర్వాత ఇతరుల మనసులను బాగా అర్థం చేసుకున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలు ఈ పరీక్షల్లో కాస్త ముందుంటారని 1994లో పెర్నర్ బృందం గమనించింది. పోట్లాటలు, చాడీలు, దాగుడుమూతలు నిండిన ఇల్లు ఈ విద్యకు మంచి బడి.

అన్ని సమాజాలూ మనసు గురించి ఒకేలా మాట్లాడవు. పెరూలోని హునీన్ క్వెచువా భాషలో ఆలోచనను ప్రత్యేకంగా తెలిపే క్రియలు తక్కువని, అక్కడి పిల్లలు ఈ పరీక్షల్లో తడబడ్డారని పెనెలొపీ విండెన్ 1996లో రాశారు. ఎదుటివారి మనసులో ఏముందో పైకి ఊహించి చెప్పడం మర్యాద కాదని పసిఫిక్ ద్వీపాల్లో చాలాచోట్ల భావిస్తారు. సమోవాలో 2013లో జరిగిన విస్తృత అధ్యయనంలో ఎక్కువమంది పిల్లలు ఎనిమిదేళ్ల ప్రాంతంలో గానీ పరీక్ష నెగ్గలేదు. ఇది 2005లో కాలహన్ బృందం చెప్పిన ఫలితాలతో పొసగదు, ఆ వివాదం ఇంకా తెగలేదు. ఆ పిల్లలకు మనసులు తెలియవని దీనికి అర్థం కాదు. ఏది పైకి మాట్లాడతారో అదే పరీక్షలో ముందుగా కనిపిస్తుంది.

భాష లేకుంటే ఈ శక్తి అసలే లేదనడం కూడా పొరపాటే. మెదడు దెబ్బతినడంతో వాక్యం కట్టే శక్తి దాదాపు పోయిన రోగి పొరపాటు నమ్మకం పరీక్షలో నెగ్గడాన్ని రోజ్‌మేరీ వార్లీ, సీగల్ 2000లో చూపించారు. పైకి ఎక్కాక నిచ్చెన తీసేసినా మనిషి మేడ మీదే ఉంటాడు. 15 నెలల పసిపిల్లలు కూడా ఎదుటివారి పొరపాటు నమ్మకాన్ని పసిగడతారని వాళ్ల చూపులను బట్టి 2005లో క్రిస్టీన్ ఒనిషి, రెనే బయార్జన్ చెప్పారు. ఆ తరహా ప్రయోగాల్లో చాలావాటిని మళ్లీ చేసినప్పుడు అదే ఫలితం రాలేదు. 2016లో చింపాంజీలు, బొనోబోలు, ఒరాంగుటాన్‌లు కూడా పొరబడ్డ మనిషి ఎటు వెళతాడో ముందే చూపుతో వెతికాయి. తొలి మొలక మాటకంటే ముందే ఉండవచ్చు. దాన్ని పట్టుకుని ఆలోచించడం, ఇంకొకరికి చెప్పడం, తప్పయితే దిద్దుకోవడం మాటతోనే వస్తాయి.

మంట చుట్టూ

నమీబియా, బోట్స్వానా సరిహద్దుల్లోని జూహోవాన్సీ వేటగాళ్ల సంభాషణలను మానవ శాస్త్రవేత్త పాలీ వీస్నర్ పరిశీలించారు. పగటి మాటల్లో పనులు, పంపకాలు, ఫిర్యాదులే ఎక్కువ, కథలు 6 శాతం. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు 81 శాతం కథలే. దూరపు బంధువులు ఏం చేశారు, ఎవరి పెళ్లి ఎలా చెడింది, ఎవరు ఎందుకు అలిగి వెళ్లారు అన్నవి ఆ కథల్లో ఉంటాయి. కళ్లముందు లేని మనుషుల మనసులను అక్కడ కూర్చున్నవాళ్ల ముందు పరిచేది ఆ వేళే. ఫిలిప్పీన్స్‌లోని ఆగ్తా వేటగాళ్ల మీద 2017లో వెలువడిన అధ్యయనంలో మంచి కథకులు ఎక్కువగా ఉన్న గుడారాల్లో జనం బియ్యం పంచుకునే ఆటలో మరింత ఉదారంగా ఉన్నారు. తమతో ఎవరుండాలో ఎంచుకోమంటే గొప్ప వేటగాడి కంటే గొప్ప కథకుణ్ణే ఎక్కువగా కోరారు. ఆకాశానికి వెలుగిచ్చే హక్కు కోసం సూర్యుడు, చంద్రుడు తగవులాడి చివరికి వంతులు పంచుకోవడం వాళ్ల కథల్లో ఒకటి.

కథ మామూలు మాటకంటే బరువైన పని చేయిస్తుంది. ఒకే సమయంలో పలువురి తలల్లో ఏముందో విడివిడిగా పట్టుకుని ఉండాలి. 1957లో కె.వి.రెడ్డి తీసిన ‘మాయాబజార్’ను గుర్తు చేసుకుంటే చాలు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. ఆమె తన కూతురేనని బలరాముడు నమ్ముతాడు. పెళ్లికూతురు దక్కిందని కౌరవులు సంబరపడతారు. అసలు సంగతి కృష్ణుడికి తెలుసు, కృష్ణుడికి తెలుసని ఘటోత్కచుడికి తెలుసు. పీటల మీద హడలిపోతున్న లక్ష్మణ కుమారుడి గోడు ఎవరూ నమ్మరు. శశిరేఖగా నటించిన సావిత్రి ముఖంలో ఆడపిల్ల సిగ్గునూ రాక్షసుడి మదాన్నీ ఒకేసారి చదువుతూ ప్రేక్షకుడు ఇన్ని మనసుల లెక్కనూ తప్పకుండా మోస్తాడు. ఆరేళ్ల పిల్లలు కూడా సరైన చోట నవ్వుతారు. ‘అతను అనుకున్నాడని ఆమె అనుకుందని వీడు అనుకున్నాడు’ అన్న వరస నాలుగైదు మడతలు దాటితే పెద్దలకూ తికమక మొదలవుతుందని రాబిన్ డన్‌బార్, ఆయన సహచరుల ప్రయోగాలు చెబుతాయి. ‘కన్యాశుల్కం’లో ఆడవేషం వేసిన శిష్యుణ్ణి కరటక శాస్త్రి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగట్టే భాగం ఆ హద్దుకు దగ్గరగా వెళుతుంది. అయినా తికమక పడనివ్వకపోవడం నాటకకర్త గురజాడ నేర్పు.

నవల చదివితే నిజంగా మనసులు బాగా అర్థమవుతాయా? 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెలె కస్తానో ‘సైన్స్’ పత్రికలో అవునన్నారు. సాహిత్య విలువ ఉన్న కథను కాసేపు చదివినవాళ్లు, కళ్ల ఫోటోలు మాత్రమే చూసి భావం చెప్పే 36 ప్రశ్నల పరీక్షలో మెరుగ్గా చేశారట. పత్రికలన్నీ దీన్ని నెత్తికెత్తుకున్నాయి. ఆ ఫలితం నిలవలేదు. 2016లో పలు ప్రయోగశాలలు కలిసి మళ్లీ చేస్తే తేడా కనిపించలేదు. ‘నేచర్’, ‘సైన్స్’ పత్రికల్లోని 21 ప్రయోగాలను తిరగ చేసిన 2018 నాటి పెద్ద ప్రయత్నంలోనూ ఇది విఫలమైన వాటిలో ఒకటి. అదే ఏడాది 14 ప్రయోగాలను కలిపి లెక్క కట్టిన డేవిడ్ డొడెల్-ఫెడర్, డయానా తమీర్‌కు లాభం ఉందనే కనిపించింది, అది చాలా చిన్నది. ఏళ్ల తరబడి కథాసాహిత్యం చదివేవారు ఇలాంటి పరీక్షల్లో కొంత ముందుండడం రేమండ్ మార్, కీత్ ఓట్లీ 2006 నుంచి చూపుతున్న సంగతే. అయితే పుస్తకాలు వాళ్లను అలా చేశాయా, మనుషుల మీద ఆసక్తి ఉన్నవాళ్లే పుస్తకాలు పడతారా అన్నది దాన్నిబట్టి తేలదు. పది నిమిషాల చదువుతో మనిషి మారిపోతాడని ఆశించడమే అసలు పొరపాటు.

ఎందుకలా చేశాడు?

చదవడం కంటే, చదివినదాని గురించి అడగడం, వాదించడం ఎక్కువ పనిచేస్తాయనడానికి సాక్ష్యం బలంగా ఉంది. టొరాంటోలో జోన్ పెస్కిన్, ఆస్టింగ్టన్ 2004లో ఒక విచిత్రం చూశారు. బాలల బొమ్మల కథల్లో ‘అనుకున్నాడు’, ‘తెలుసు’, ‘ఊహించింది’ వంటి మాటలను దండిగా చేర్చి కొందరికి చదివించారు. అదే కథలను ఆ మాటలు లేకుండా, బొమ్మలను బట్టి పిల్లలే గ్రహించేలా మరికొందరికి చదివించారు. మొదటి బృందం ఆ మాటలు ఎక్కువగా వాడింది. పాత్ర ఎందుకలా చేసిందో వివరించడంలో మాత్రం రెండో బృందమే ముందుంది. విప్పి చెబితే వినడం కాక, తామే తవ్వుకున్నది నిలిచిందన్నమాట.

తెలుగు కథనంలో ఈ తవ్వకానికి ఎప్పటినుంచో చోటుంది. బుర్రకథలో వంతలు అడ్డుపడి ప్రశ్నిస్తారు, కథకుడు బదులు చెప్పి ముందుకు సాగుతాడు. తాతయ్య కథ చెబుతుంటే పిల్లవాడు ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగుతుంది. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ ఇంకో అడుగు వేసింది. సంస్కృతంలోని భేతాళ కథలు పాతిక. వాటి చట్రంలో చందమామ వందల కొత్త కథలు అల్లించింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు వాటిలో ఎన్నింటికో ప్రాణం పోశారు. ప్రతి కథ చివరా భేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగేది దాదాపు ఒకటే తరహా ప్రశ్న: అన్నీ దక్కే వేళ అతను కాదని ఎందుకు వెళ్లిపోయాడు, శత్రువును ఆమె ఎందుకు క్షమించింది? జవాబు పాత్ర చేతల్లో ఉండదు, మనసులో ఉంటుంది. రాజు జవాబు చదివేముందు పేజీ మీద చెయ్యి అడ్డుపెట్టుకుని తమ జవాబు తాము వెతుక్కోవడానికి పిల్లలకు అక్కడ వీలుంది. ఈ కథలను బడుల్లో మళ్లీ తెస్తే వాటిని మౌనంగా చదివించడం కంటే ఆ ప్రశ్న దగ్గర ఆపి తరగతిని మాట్లాడించడం మేలు.

అలా మాట్లాడించడం వల్ల ఏం జరుగుతుందో ఇటలీ పరిశోధకులు చూశారు. 2011లో వెరోనికా ఓర్నాగీ బృందం బడికి ముందు వయసు పిల్లలకు కథలు చదివింది. విని ఊరుకున్న పిల్లల కంటే, కథలోని మనసు మాటలను ఆటల్లో, సంభాషణలో వాడిన పిల్లలు ఎక్కువ ముందుకొచ్చారు. పావియాలో సెరెనా లెచ్చే బృందం 2014లో 9, 10 ఏళ్ల పిల్లలను రెండు బృందాలు చేసింది. ఒక బృందం మనుషుల పొరపాట్లు, అపార్థాలు, మారుమాటలు ఉన్న చిన్న కథల గురించి గుంపుగా చర్చించింది. రెండో బృందం చర్చించిన కథల్లో వస్తువులు, భౌతిక సంఘటనలు మాత్రమే ఉన్నాయి. కథల సంఖ్య, మాట్లాడిన సమయం రెండు బృందాలకూ సమానమే. మనసుల గురించి మాట్లాడుకున్న పిల్లలే ఇతరుల ఆలోచనలను పసిగట్టడంలో ముందుకెళ్లారు. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్షించినా ఆ తేడా తరగలేదు.